అల్కగ పడ్డ లివర్

బండి నాది. ఈ మాట ముందుగాల్నే చెప్పి పెడుతున్న, ఎందుకంటే ఈ ఒక్క ముచ్చట ఎవ్వరూ లెక్కల పెట్టకపోవుడు వల్లనే మిగతాదంతా జరిగింది.

జీపు మా బాపుది. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచే దినాలల్ల బాపు చెరుకు తోటలు తిరిగి చూసే ఫీల్డుమ్యాన్. పాత జీపులు అమ్మకానికి పెట్టినప్పుడు, తను తిరిగిన జీపునే తను ఇంటికి తెచ్చుకున్నడు. బాపు పోయినంక అది నా దగ్గరికొచ్చింది. లైసెన్సు నాది, స్టీరింగు నాది, టైరు పంచరైతే జాకీ పెట్టేది నేను. మా సారుకు బండి నడుపుడు రాదు. సారంటే నా పెనిమిటే. బడిపంతులు చేసి రిటైరైండు. నిజామాబాద్ కంఠేశ్వర్ల మా గల్లీ మొత్తం ఆయన్ని సార్ అంటది, నేను కూడా గదే అంట. ముప్పై నాలుగేండ్ల సంసారంల ఆయన జీపుల ఎడమ దిక్కు కూసున్నడు తప్ప కుడి దిక్కు ఎన్నడు కూసోలే.

నేను నర్సమ్మను. ఊర్లు తిరిగి సూదులు, మందులు, కాన్పులు చూసే కొలువు. ఏర్గట్ల దిక్కు కొన్నేండ్లు, బోధన్ దిక్కు మస్తు ఏండ్లు చేసిన. రిటైరైన, గానీ పని నన్ను ఇడిసిపెట్టలే. నా నంబరు ఒకరి నుంచి ఒకరికి పోయింది.

ఆ ఫోన్లు ఎక్కువగ చలికాలంల వస్తయి. ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు తగ్గింది గానీ పోలేదు. మంజీర దిక్కు ఇంకా పెడుతుండ్రు, వేరే జాగల ఫ్యాక్టరీలకు పోతది. కొట్టేటందుకు మహారాష్ట్ర నుంచి గుంపులు వచ్చి తోటల పొంటి గుడిసెలు ఏసుకుంటయి. ఆలుమగలిద్దరు కలిస్తే ఒక కోయతా. కోయతా అంటే చెరుకు కొట్టే కత్తి. వాళ్లల్ల మనిషిని లెక్క పెట్టరు, జంటను లెక్క పెడతరు. మొగడు కొడతడు, పెండ్లాం మోపు కట్టి నెత్తిన పెట్టుకొని లారీ ఎక్కిస్తది. ఆమె ఊర్ల ఉండిపోతే కోయతా సగమైతది, సగం కోయతాకు పని లేదు. అందుకనే నిండు చూలాలు కూడా కత్తి ఎంబడే వస్తది. నొప్పులు తోటలనే మొదలైతయి.

108 బండి డాంబర్ రోడ్డు మీద ఆగుతది. నల్లరేగడిల అది దిగదు, దిగితే ఎక్కదు. గుడిసెల కాడి నుంచి డాంబర్ దాకా నా పని, అక్కణ్ణుంచి వాళ్ల పని. ఇట్ల ఎవ్వరూ రాసియ్యలే, ఏండ్ల సంది అట్ల నడుస్తున్నది. తోటల వాళ్లు నన్ను బాయి అంటరు, అంటే అమ్మా అన్నట్టే. బాయి జీపు వస్తదని వాళ్లకు ధీమా.

ఆ ధీమా అంతా ఒక పొట్టి లివర్ మీద ఉండె. జీపుల గేరు రాడ్డు పక్కన అదొకటి ఉంటది. అది ఏస్తేనే ముందు చక్రాలు కూడా గుంజుతయి, లేకుంటే వెనక రెండే నూకుతయి. డాంబర్ మీద దానితోని పని లేదు. వాన పడ్డ రేగడిల అది లేకుంటే జీపు జీపు కాదు, రేకు డబ్బ. మా జీపుల అది మహా మొండిది. రెండు చేతులతోని పట్టి, యేసయ్యా అనుకుంట గుంజితే ఖటక్కున పడేది. చప్పుడు ఇనబడితేనే పడ్డట్టు, లేకుంటే నమ్మకు బిడ్డా అని బాపు నాకు బండి నేర్పేటప్పుడే చెప్పిండు. ఎంత చక్కని మాట, ఎంత తేలిగ్గ మరిసిపోయిన.

ఇగ సారు నడుము సంగతి. ఆయనకు వెన్నుపూసల రెండు పక్కకు జరిగినయి. హైదరాబాద్‌ల ఆపరేషన్ అయింది, నెలకోసారి చూపించుకోవాలె. బస్సు ఎక్కితే గంటల కొద్ది కాళ్లు చాపరాదు. కారు కొందామన్నడు. బాపు జీపు ఉండంగ కారెందుకు అని నేనన్న. గీ మాట నేనే అన్న, దాచుడెందుకు. జిద్దుల మా బాపు బిడ్డనే.

జీపేమో తోటల కోసం పుట్టింది, హైవే కోసం కాదు. అరవై దాటిందంటే ఇంజను ఏడ్పు మొదలు. డెబ్బైకి స్టీరింగు చేతులల్ల గజగజ వణుకుతది. ఇనుప కడ్డీల మీద పల్చటి మెత్త ఏసిన సీటు. ఇందల్వాయి కాడ హైవే ఎక్కినమంటే లారీలు కూడా మమ్మల్ని దాటేసి పోతుంటయి, లోపట మాట్లాడితే ఇనబడది. సారు రెండు చేతులతోని కడ్డీ పట్టుకొని, కండ్లు మూసుకొని, పండ్లు బిగబట్టి కూసునేటోడు. నొప్పి అని ఒక్కనాడు అనకపోయేది. నోట్ల నాలుక లేని మనిషి అని మా వాళ్లంతా ఆయన్ని మెచ్చుకుంటరు, నేను కూడా మెచ్చుకున్న. ఒకనాడు దవఖాన కాడ దిగుతుంటే కాలు పెట్టరాక నా భుజం మీద పడ్డడు. గప్పుడు నాకు బుద్ధొచ్చింది. కారు కొనను గానీ, ఈ జీపునే కారు లెక్క చేయిస్తనని ఆయనకు మాటిచ్చిన.

మా మిస్త్రి షెడ్డు నిజామాబాద్‌కు వచ్చేటప్పుడు బోధన్ రోడ్డు మీదనే ఉంటది. వాళ్ల అబ్బా ఫ్యాక్టరీ గ్యారేజీల పని చేసిండు, మా బాపు జీపును చూసింది ఆయనే. ఈయన నాకంటె నాలుగేండ్లు చిన్న. నన్ను అక్కా అంటడు, నేను భాయ్ అంట. రంజాన్ నాడు వాళ్లింటి షీర్‌ఖుర్మా మాకు రావాలె, క్రిస్మస్ నాడు మా కేకు వాళ్లింటికి పోవాలె. చేతిపని శుభ్రం. ఒక బోల్టు విప్పితే దాన్ని తుడిచి, కాగితంల కట్టి పెట్టే మనిషి.

దసరా దాటినంక ఒక పొద్దుగాల సారును ఎంబడి పెట్టుకొని పోయిన. స్టీరింగు కాడి నుంచి దిగింది నేను. మిస్త్రి నా దిక్కు నమస్తే అక్కా అని, మల్లిండు సారు దిక్కు.

"చెప్పున్రి సార్, ఎంత స్పీడ్ కావాలె?"

నవ్వొచ్చింది నాకు. "ఆయన్ని అడుగుతవేంది భాయ్, ఆయనకు క్లచ్చేదో బ్రేకేదో ఎరుక లేదు," అన్న. ముగ్గురం నవ్వినం. నవ్వినంక మల్ల సారునే అడిగిండు. ఇది ఈయన ఒక్కని గుణం కాదు. మా దిక్కు బండి ముచ్చట మొగోళ్లతోనే. టైర్ల దుకాణంల, పెట్రోల్ బంకుల, షెడ్డుల, నేను నడిపి తెచ్చిన బండి గురించి నా పక్కన నిలబడ్డ మనిషికి చెప్తరు. ముప్పై ఏండ్ల సంది నవ్వి ఊకుంటున్న. ఊకునుడే నా తప్పు అని ఇప్పుడనిపిస్తది.

మిస్త్రి చెప్పిన ఉపాయం సుళువైందే. వెనక ఇరుసు నడుమ గుండ్రటి డబ్బ లెక్క ఉంటది, దాంట్ల పండ్ల చక్రాలు ఉంటయి. అవి బరువు గుంజేటందుకు చేసిన పండ్లు. వాటిని తీసి వేరే లెక్క పండ్లు పెడితే ఇంజను తక్కువ తిరిగి చక్రం ఎక్కువ తిరుగుతది. ఎనభైల కూడా ఏడ్వది. కుదుపు తగ్గేటందుకు స్ప్రింగు పట్టీల నడుమ అరిగిన బుష్షులు మార్చాలె, కొత్త షాకప్సర్లు పెట్టాలె, మొరటు టైర్లు తీసి రోడ్డు టైర్లు ఎక్కించాలె. సీట్లు మాత్రం ఏదన్న మంచి కారువి తెచ్చి బిగించాలె.

"మరి ముందు ఇరుసుల పండ్లు?" అని నేను అడిగిన. బాపు బిడ్డను, గంత మాత్రం తెలుసు. ముందు వెనక పండ్ల లెక్క ఒకటే ఉండాలె. లేకుంటే జోడు కుదరని ఎడ్లను ఒక కాడికి కట్టినట్టే, ఒకటి ఉరుకుతది, ఒకటి ఈడుస్తది, నడుమ కాడి విరుగుతది.

మిస్త్రి సారు మొఖం చూసిండు. సారు నా మొఖం చూసి, "నువ్వు జర టీ చెప్పి రాపో," అన్నడు. టీ హోటలు రోడ్డుకు అవతల. నేను పోయి, మూడు టీలు చెప్పి, ఆ హోటలామె కోడలి బీపీ ముచ్చట ఇని వచ్చేసరికి ఇద్దరూ జీపు చుట్టు తిరుగుతుండ్రు. నన్ను చూసి మాట ఆపిండ్రు.

"ముందుది కూడా మారుస్తున్నవా భాయ్?" అని మల్ల అడిగిన.

"అంతా సార్‌తోని మాట్లాడిన అక్కా. సార్ చెప్పినట్టే చేస్త," అన్నడు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు ఆ మాటల. నేనే పిచ్చిదాన్ని, టీ గ్లాసు పట్టుకొని నెత్తి ఊపిన.

పన్నెండు రోజులు పట్టింది. సీట్లు ఒక నలిగిపోయిన కారువి దొరికినయి, దొరసాని సీట్లు, బూడిద రంగు, వీపు కాడ మెత్తగ, తల ఆన్చుకునేటందుకు దిండు కూడా ఉన్నది. బట్ట టాపు తీసి రేకు టాపు ఏసి లోపట దళసరి గుడ్డ అతికించిండు, తలుపులకు రబ్బరు కొట్టిండు. బండి తెచ్చుకున్న రోజు నుంచి నేను చిన్నపిల్ల లెక్క గల్లీల ఊకె తిప్పిన.

ఆ నెల హైదరాబాద్ పోయిన దినం నాకు ఇప్పటికీ యాదికుంది. అది యాదికొచ్చినప్పుడే ఎక్కువ మండుతది. ఇందల్వాయి దాటి హైవే మీద కాలు పెంచిన. డెబ్బై. స్టీరింగు కదలలే. ఎనభై. ఇంజను హాయిగ ఊ కొడుతున్నది. ఎనభై అయిదు కాడ కాలు ఆపి అట్లనే పెట్టిన, బండి నీళ్ల మీద పడవ పోయినట్టు పోయింది. జీవితంల మొదటిసారి ఆ జీపుల ఇద్దరం మామూలు గొంతులతోని మాట్లాడుకున్నం. కామారెడ్డి దాటంగనే సారు నిద్రపోయిండు. కడ్డీ పట్టుకునే చెయ్యి ఒళ్లె ఇప్పుకొని పడి ఉన్నది. నేను పక్కకు తిరిగి ఆయన మొఖం చూసి, దేవునికి స్తోత్రం చెప్పుకున్న. మిస్త్రికి కూడా చెప్పుకున్న. చప్పుడు చెయ్యకుంట ఏడ్చిన కూడా, సంతోషంతోని. ఆయన సుఖంగ నిద్రపోయే బండి నేను చేయించినని.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటరు మా దిక్కు. మంచి గింజలని నమ్మి నీళ్లల్ల నానబోస్తే, పొద్దున చూసేసరికి అన్నీ పుచ్చులే తేలుతయి. నానే దాక తెల్వది.

నానింది జనవరిల. ఆ కాలంల వాన రావొద్దు, వచ్చింది. రెండు రోజులు ఇడవకుంట పడ్డది. మూడోనాడు తెల్లారి ఆరింటికి గుంపు పెద్ద ఫోన్ చేసిండు, వాళ్ల ముకద్దం. ఒక పిల్లకు ఉమ్మనీరు పోయింది, నొప్పులు వస్తున్నయి, రెండో కాన్పు. ఆ పిల్లను నేను అంతకుముందు రెండుసార్లు చూసిన. ఇరవై రెండేండ్లు ఉంటయేమో. మోపు ఎత్తుతుంటే ఒద్దు బిడ్డా అంటే నవ్వేది. 108కు చెప్పి డాంబర్ మీద నిలబెట్టుమని, నేను వస్తున్ననని చెప్పిన. చున్నీ నెత్తికి కట్టుకుంటుంటే సారు లేచి కూసున్నడు.

"ఈ వానల పోతవా?" అన్నడు.

"వానలనే కద జీపు పోయేది," అన్న.

ఆయన నోరు తెరిచిండు. నాకు మంచిగ యాదికుంది, తెరిచి, మల్ల మూసిండు. నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చిండు.

బోధన్ దాక ఎనభై మీద పోయిన. అంత జల్ది ఎన్నడు పోలే. తోట బాట కాడికి పోయేసరికి 108 అప్పటికే వచ్చి ఉన్నది. డ్రైవరు చెయ్యి ఊపిండు. అక్కణ్ణుంచి గుడిసెలు మైలు దూరం లోపట. చెరుకు రెండు దిక్కుల, నడుమ నల్లమన్ను, దాంట్ల ట్రాక్టర్లు చేసిన గాడి, గాడి నిండ నీళ్లు. బండి ఆపి, రెండు చేతులతోని లివర్ పట్టి గుంజిన.

అల్కగ పడ్డది. ఒక్క చేత్తోని ఏసినట్టు, వెన్నల కత్తి దిగినట్టు. చప్పుడు లేదు.

మిస్త్రి ఎంత మంచిగ నూనె పెట్టిండో అనుకున్న. అక్షరాలా గట్లనే అనుకున్న. అనుకొని బండి దింపిన.

రెండు వందల అడుగులు పోయిందో లేదో, వెనక చక్రాలు గిర్రున తిరుగుడు మొదలైంది. రోడ్డు టైర్లు, పట్టు లేదు. గేరు తగ్గించిన, వెనకకు తీసిన, మల్ల ముందుకు ఒత్తిన. తలుపు తెరిచి ఒంగి చూస్తే ముందు చక్రం కదులుతలేదు. వెనకది మన్ను ఎగజల్లుతుంటే, ముందుది పెండ్లికొచ్చిన చుట్టం లెక్క ఊకె నిలబడ్డది. ఇంకో రెండుసార్లు ఒత్తేసరికి వెనక ఇరుసు మన్నుల కూసున్నది.

చెప్పులు బండిల ఇడిసి, సంచి నెత్తిన పెట్టుకొని నడిచిన. మోకాళ్ల దాక మన్ను. అరవై ఒక్క ఏండ్లు నాకు. పడుకుంట లేసుకుంట గుడిసె చేరేసరికి ముప్పావు గంట అయింది. కడుపుల పిల్ల కాళ్లు ముందుకున్నయి. తల పైన ఉన్నది. అసొంటిది గుడిసెల చేసేది కాదు, దవఖానకు పోవాలె, అది కూడా జల్ది. జీపు గుడిసె ముంగట ఉంటే పది నిమిషాలల్ల డాంబర్ ఎక్కేటోళ్లం.

మంచం మీద పండబెట్టి ఆరుగురు మోసిండ్రు. అడుగు పెడితే కాలు ఊడిరాదు. రెండుసార్లు మంచం వంగింది. నేను పక్క పొంటి ఆమె చెయ్యి పట్టుకొని నడుస్తున్న. చెయ్యి అంటే చెయ్యి కాదు, కత్తి పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి, నా ఏళ్లు విరిగేటట్టు పట్టింది. గంట మీద పట్టింది జీపు కాడికి వచ్చేసరికి. ఆమె తల తిప్పి, వానల బండి టాపు చూసింది.

"బాయీ, గాడీ ఆలీ కా?" అన్నది. బండి వచ్చిందా అని.

"ఆలీ," అన్న. వచ్చింది బిడ్డా అని.

ఇంక డాంబర్ దాక మోసే టయం లేకుండె, కాన్పు అయిపోతున్నది. జీపు వెనక తలుపు తెరిచి ఆ మెత్త సీటు మీదనే పండబెట్టిన. సారు నడుము కోసం తెచ్చిన సీట్లల్ల వెనకది. కాళ్లు వచ్చినయి, మొండెం వచ్చింది, తల ఆగింది. నాకొచ్చిన ఇద్యంతా చేసిన. పిల్లగాడు బయటికొచ్చినంక ఏడ్వలే. నోట్ల నోరు పెట్టి ఊదిన, వీపు రుద్దిన, మల్ల ఊదిన. ఆ తండ్రి వానల నిలబడి చూస్తుండు. ఎంతసేపు ఊదిన్నో తెల్వది. మిగిలిన రెండు వందల అడుగులు ఆమెను మోసుకపోయి 108 ఎక్కించినం. ఆమె బతికింది.

జీపు మంచిగ ఉంటే పిల్లగాడు బతుకుతుండెనా? నాకు తెల్వదు. దవఖాన డాక్టరమ్మను అడిగితే ఆమె కూడా చెప్పలే. ఎదురుకాళ్ల కాన్పు దవఖానల కూడా కష్టమే. కానీ ఆ రెండు గంటలు ఆ పిల్లగానివి. వాటిని ఎవరో వాడుకున్నరు.

ఎవరనేది మధ్యాహ్నానికి తెలిసింది. జీపును గుంజనీకె ట్రాక్టరు తెచ్చినం. తాడు కట్టేటందుకు డ్రైవరు కిందికి దూరి, "నర్సమ్మా, నీ బండికి ముందు షాఫ్టేది?" అన్నడు. నేను మన్నుల బోర్లపడి చూసిన. నడుమ గేరు డబ్బ నుంచి ముందు ఇరుసుకు పోయే ఇనుప కడ్డీ, ముందు చక్రాలను తిప్పేది అదే, జాగల లేదు. అది ఉండాల్సిన కాడ, ఇరుసు మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి, సన్న తీగతోని మూడు చుట్లు ఏసి, కొసలు లోపటికి మడిచి ఉన్నయి. ఊడిపోయింది కాదు. శుభ్రంగ విప్పింది. ఆ మడత చూడంగనే చెయ్యి ఎవరిదో తెలిసింది.

సీదా షెడ్డుకు పోయిన. ఒంటి మీద మన్నూ నెత్తురూ అట్లనే ఉన్నయి. మిస్త్రి నన్ను చూసి లేచి నిలబడ్డడు. ఆయన్ని జీపు కాడికి పిలిచిన. లివర్ ఏసి తీసి, ఏసి తీసి చూపించిన. ఆయన లోపటికి పోయి గోనెసంచిల చుట్టిన షాఫ్టు తెచ్చి నా ముంగట పెట్టిండు. తుడిచి, నూనె రాసి పెట్టిండు.

"ముందు ఇరుసుకు పండ్లు దొరకలే అక్కా," అన్నడు. "పాత రకం. నెలలు పడుతయన్న. అప్పటిదాక ఆగుదామన్న. సార్ ఆగలేనన్నడు. షాఫ్టు ఉంచితే, మీరు లివర్ ఏసినప్పుడు గేర్లు పగులుతయన్న. తీసెయ్యి అన్నడు సార్. అక్కకు చెప్దాం సార్ అన్న. చెప్తే ఒప్పుకోదు, లివర్ అట్లనే ఉంచు, ఇగ తోటలకు పోదు రిటైరైంది అన్నడు."

"బండి ఎవలది భాయ్?"

"మీదే అక్కా."

"నడిపేది ఎవలు?"

ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఆలుమగలు ఒకటే కద అక్కా. సార్ చెప్పిండంటే మీరు చెప్పినట్టే అనుకున్న," అన్నడు.

అనుకోలే. అనుకుంటే నన్ను చూసి మాటెందుకు ఆపిండు? టీ హోటలు కాడి నుంచి వచ్చేటప్పుడు ఎందుకు ఆపిండు? ముప్పై ఏండ్ల షీర్‌ఖుర్మా నోట్ల చేదైంది. ఆయన తల్లి పోయినప్పుడు చివరి మూడు రోజులు పక్కన కూసున్నది నేను. ఆ మాట అనబోయి మింగిన. తోటల మనిషిని కత్తి కింద లెక్క పెడతరని ఎన్నేండ్లు జాలిపడ్డన్నో. నన్ను కూడా ఒక కోయతా కిందనే లెక్క పెట్టిండ్రు, కత్తి పిడి సారు చేతికిచ్చిండ్రు.

షాఫ్టు జీపుల ఏసుకొని ఇంటికి పోయిన. సారు వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నడు. గేటు తీయంగనే, నేను నోరు ఇప్పకముందే, "ఎక్కడ ఇరుక్కున్నది?" అన్నడు.

గోనెసంచి ఆయన కాళ్ల కాడ పెట్టిన. పిల్లగాడు పోయిండని చెప్పిన. మొఖం తెల్లబోయింది. "నువ్వు ఇంక తోటలకు పోవనుకున్న," అన్నడు.

"పొద్దున పోతుంటే చూసినవు. నీళ్ల సీసా ఇచ్చినవు."

"చెబుదామనుకున్న."

"నోరు తెరిచినవు కూడా. నేను చూసిన."

"చెప్తే నువ్వు అప్పుడే ఒప్పుకోకపోదువు కద," అన్నడు.

"ఒప్పుకోననే కద అడగాల్సింది," అన్న.

ఆయన నడుము పట్టుకొని లేవబోయిండు, లేవలేకపోయిండు. ఎన్నడూ చెప్పనిది గప్పుడు చెప్పిండు, ప్రతి గతుకుకు పాణం పోయి వచ్చేదని, ఆ సీట్ల మొదటిసారి నిద్రపోయినప్పుడు ఇంకేమీ వద్దనిపించిందని. నాకు జాలి కలిగింది. అదే నాకు ఇంకా కోపం. నోట్ల నాలుక లేనోడని మురిసిన, ఆ నాలుక మిస్త్రి కాడ ఎంత మంచిగ తిరిగిందో. తడిగుడ్డతోని గొంతు కోసుడంటే ఇదే. చివరికి తల దించుకొని, "దేవుని చిత్తం," అన్నడు.

"దేవుని పేరు తియ్యకు," అన్న. "షాఫ్టు విప్పింది దేవుడు కాదు. పానా."

మరుసటి వారం మిస్త్రి పాత పండ్లు పాత జాగల పెట్టిండు, షాఫ్టు బిగించిండు, మొరటు టైర్లు ఎక్కించిండు. పని మొత్తం నా దిక్కే చూసుకుంట, ఒక్కో బోల్టు నాకే చూపించుకుంట చేసిండు. ఆలస్యంగ నేర్చుకున్న మర్యాద. నేను ఊ అన్న తప్ప ఇంకో మాట మాట్లాడలే. ఆ యేడు రంజాన్‌కు గిన్నె వచ్చింది, తీసుకున్న, తిరిగి గిన్నె కడిగి పంపిన. అంతే. మెత్త సీట్లు కడిగితే మరక పోలే. విప్పేసి ఇనుప కడ్డీ సీట్లే పెట్టిచ్చుకున్న.

సారు ఇప్పుడు కిరాయి కారుల హైదరాబాద్ పోతడు. ఎంబడి నేను పోత, దవఖానల ఆయన కాయితాలు పట్టుకుంట, మందులు టయానికి ఇస్త. పక్కపక్కన కూసుంటం. కారు వంద మీద పోయినా చప్పుడు ఉండదు, మాట్లాడుకోవచ్చు. మాట్లాడం.

జీపు మల్ల అరవైకే ఏడుస్తున్నది. చెరుకు కాలం వచ్చింది, ఫోన్లు వస్తున్నయి. బండి తీసే ముందు నేను గోనెసంచి కింద పరుచుకొని, ఎల్లకిల పడుకొని, టార్చి ఏసి షాఫ్టు ఉన్నదా అని చూస్త. నాలుగు గల్లీల అవతల కూరగాయలకు పోయినా చూస్త. లేసేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటయి. సారు కిటికీల నుంచి చూస్తనే ఉంటడు.

అది ఉంటది. ప్రతిసారి ఉంటది. అయినా చూస్త.